నాస్తికత, చదువు, చుట్టరికం: గోరా సిద్ధాంతంపై ఒక పరిశీలన

విద్య వ్యాపించిన కొద్దీ దైవవిశ్వాసం సడలుతుందన్నది తెలుగునాట హేతువాద రచనలకు ప్రాతిపదిక. 1951లో దేశ అక్షరాస్యత 18.33 శాతం. 2011 నాటికి అది 70 శాతం దాటింది. అదే జనగణనలో మతం తెలుపనివారు 0.24 శాతం, నాస్తికులమని నమోదు చేయించుకున్నవారు సుమారు 33 వేలు. చదువుకూ విశ్వాసానికీ హేతువాదులు ఊహించిన విలోమ సంబంధం ఈ అంకెలలో కనిపించదు.

ఈ పరిశీలనకు నాయుడుపేట ప్రాంతం అనువైనది. ఎగువన శ్రీకాళహస్తిని ఒరుసుకొని వచ్చే స్వర్ణముఖి ఈ ఊరి పక్కనుంచే సముద్రానికి పోతుంది. చేరువలో మేనకూరు ప్రత్యేక ఆర్థిక మండలి, దక్షిణాన సూళ్లూరుపేట, దానికి తూర్పున శ్రీహరికోట. రాకెట్ ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించడం, తిరుమలలో రాకెట్ నమూనాను స్వామి పాదాల చెంత ఉంచడం అందరూ ఎరిగినవే. దీనిని అవివేకమని ఎగతాళి చేయడం తేలిక. అది విమర్శ కాదు. కౌంట్‌డౌన్‌లో లోపం కనిపిస్తే ప్రయోగం ఆగుతుంది, దర్శనం అయిందని సాగదు. గణితంలోకి అమ్మవారు రారు, గుడిలోకి గణితం రాదు. ఆ దర్శనం విశ్వాన్ని గురించిన ప్రతిపాదన కాదు, పెద్ద పని తలపెట్టినవారు పాటించే మర్యాద. కాబట్టి భౌతికశాస్త్రం ఎంత చదివినా దానికి భంగం లేదు.

ఈ విభజనకు మన తత్త్వచరిత్రలో వేరు ఉంది. పూర్వమీమాంసకులు సృష్టికర్తయైన ఈశ్వరుణ్ణి అంగీకరించలేదు, యజ్ఞకర్మను మాత్రం విడువలేదు. వారిని ఎవరూ నాస్తికులనలేదు. మనుస్మృతి దృష్టిలో నాస్తికుడు వేదాన్ని నిందించేవాడు, సజ్జనులు వెలివేయవలసినవాడు. అంటే ఆ మాట పుట్టుకలోనే దేవుడి ఉనికికంటె సంఘంలో మనిషి చోటు ముఖ్యం. నేటికీ తెలుగులో ఆ మాటకు వెలి వాసన పోలేదు. మనసులో ఏ దేవుడూ లేనివాడు సైతం ఆ పేరు పెట్టుకోవడానికి జంకడంలో ఆశ్చర్యమేముంది?

గోరా (1902–1975) రచనకూ ఆచరణకూ మధ్య ఎడం ఇక్కడే కనిపిస్తుంది. ఆస్తికత బానిస మనస్తత్వమనీ, నాస్తికత స్వేచ్ఛను గుర్తించడమనీ ఆయన సిద్ధాంతం. 1972లో వచ్చిన ‘పాజిటివ్ ఏథియిజం’ దాకా ఆ సూత్రం మారలేదు. అందులో ప్రధానపాత్ర వ్యక్తి సంకల్పానిది. చుట్టరికం అనే బరువును ఆ గ్రంథం తగినంతగా తూచలేదనిపిస్తుంది. ఆచరణలో మాత్రం ఆ బరువును ఆయన బాగా ఎరుగుదురు. వృక్షశాస్త్రం బోధించిన కళాశాల ఉద్యోగాన్ని తన అభిప్రాయాల వల్లనే పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నెలకొల్పి, 1947లో విజయవాడకు తరలించిన నాస్తిక కేంద్రం వాదనలకంటె ముందు సహపంక్తి భోజనాలకూ కులాంతర వివాహాలకూ చోటయింది. వెలిపడినవారికి ఆయన మరో చుట్టరికం కూర్చారు. త్రిపురనేని రామస్వామి చౌదరి ఈ మర్మాన్ని ఇంకా ముందే పట్టారు. పురాణాలను ఖండించి ఊరుకోక, తెలుగులో వివాహవిధి రాసి పెళ్లిళ్లు జరిపించారు. తంతును తీసివేస్తే ఏర్పడే ఖాళీ ఆయనకు తెలుసు.

జీవితభద్రత పెరిగినచోట మతం బలహీనపడుతుందని నారిస్, ఇంగిల్‌హార్ట్ 2004లో ప్రతిపాదించారు. తుపానులకు, రొయ్యల చెరువుల నష్టాలకు, కాంట్రాక్టు కొలువులకు అలవాటుపడిన ఈ తీరానికి అది కొంత వర్తిస్తుంది. అయితే తిరుమల హుండీ నింపేవారిలో భద్రజీవులు తక్కువ కాదు. ఆ సూత్రం అక్కడ చాలదు.

ఇలవేల్పు ముందు బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మేనమామ ఒడి కావాలి. ఆ మేనమామ ఇంజనీరు కావచ్చు, ఏ దేవుణ్ణీ నమ్మనివాడు కావచ్చు. అయినా వస్తాడు, కూర్చుంటాడు. జనగణనలో అతడు హిందువు. రాకపోతే బాధపడేది దేవుడు కాదు, అక్క.