రాని అప్‌డేట్ గురించి

స్మార్ట్‌ఫోనుకు వచ్చే పెద్ద అప్‌డేట్‌లో మూడు రకాల సరుకు ఒకే మూటలో ఉంటుంది. ఒకటి కొత్త రూపు, రెండోది కొత్త పనులు, మూడోది కంటికి కనబడని భద్రతా మరమ్మతులు. మొదటి రెండింటికీ కంపెనీలు వేదికలెక్కి ప్రచారం చేస్తాయి. మూడోదాన్ని ఎక్కడో అడుగున రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాయి. సెట్టింగ్స్ బొమ్మ మీద ఎర్రగా ‘1’ కనబడగానే పిల్లలు ‘నొక్కెయ్’ అంటారు, పెద్దలు ‘బాగానే ఉంది కదా, ఎందుకు కెలకడం’ అంటారు. ఈ వారం కూడా చాలా ఇళ్లలో ఇదే వాదం నడిచింది. ఈ వాదంలో పెద్దల పక్షాన గట్టి సాక్ష్యమే ఉంది. దాని పేరు ఐఓఎస్ 11.

ఐఫోన్లను నడిపే ఈ సాఫ్ట్‌వేర్‌ను ఆపిల్ 2017 సెప్టెంబరు 19న విడుదల చేసింది. ఇచ్చింది తక్కువేమీ కాదు. ఐఫోన్ 7, ఆ తర్వాతి ఫోన్లలో ఫొటోలు కొత్త పద్ధతిలో భద్రమై, పాత జేపెగ్‌కు పట్టే చోటులో దాదాపు సగంలోనే ఇమిడిపోయాయి. 32 జీబీతో నెట్టుకొస్తున్నవారికి అది పెద్ద ఊరట. ఫైళ్లన్నీ ఒకచోట చూసుకునే యాప్ మొదటిసారి వచ్చింది. బండి నడుపుతున్నప్పుడు మెసేజ్‌ల మోతను ఆపేసే ఏర్పాటూ వచ్చింది. ఆ ఒక్కదాని కోసమైనా ఈ అప్‌డేట్‌ను మెచ్చుకోవాలి.

తీసుకున్నదీ తక్కువ కాదు. 32 బిట్ యాప్‌లు ఆ రోజుతో తెరుచుకోవడం మానేశాయి. తయారుచేసినవాళ్లు వదిలేసిన పాత ఆటలు, చిన్న చిన్న నిఘంటువులు, లెక్కల పుస్తకాలు ఎన్నో అలా పోయాయి. ఐఫోన్ 5, 5సీ ఫోన్లకు అసలు ఐఓఎస్ 11 రాలేదు. కంట్రోల్ సెంటర్‌లో వైఫై గుర్తును నొక్కితే వైఫై ఆగదు. అప్పటికున్న కనెక్షన్ తెగుతుందంతే, మర్నాడు ఉదయం 5 గంటలకు మళ్లీ దానంతటదే కలుస్తుంది. పూర్తిగా ఆపాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. ఆపేశామని మనిషి నమ్మేలా చేసి ఆపకుండా ఉంచడం తప్పు. పేరు మార్చకుండా మీట పని మార్చకూడదని ఈ శీర్షిక మొదటినుంచీ చెబుతున్నదే.

ఇక లోపాల వరస. ఐఓఎస్ 11.1లో ఇంగ్లిషు ‘ఐ’ అక్షరం కొడితే దాని బదులు ‘ఎ’, పక్కనే ప్రశ్నార్థకం ఉన్న పెట్టె పడేవి. నవంబరు 9న వచ్చిన 11.1.1 దాన్ని సరిచేసింది. డిసెంబరు 2 తెల్లవారుజామున మరో గొడవ మొదలైంది. రోజూ గుర్తుచేసే యాప్‌లున్న ఫోన్లు తేదీ మారాక పదేపదే వాటంతటవే మూసుకుని తెరుచుకున్నాయి. ఆపిల్ అదే రోజు హడావిడిగా 11.2ను విడుదల చేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు, 2018 ఫిబ్రవరిలో బయటపడింది ఒక ఎత్తు. అది తెలుగువారందరికీ గుర్తుండాల్సిన సంగతి, ఎందుకంటే ప్రపంచంలోని ఐఫోన్లను పడగొట్టింది తెలుగు అక్షరమే. ‘జ్ఞా’ ఉన్న మెసేజ్ అందితే ఆ యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరవబోతే మళ్లీ మూసుకుపోయేది. అదే అక్షరం నోటిఫికేషన్‌లో వస్తే ఫోను ముంగిట తెరే కుప్పకూలేది. కొందరు ఆకతాయిలు ట్విటర్‌లో తమ పేరు పక్కన దాన్ని తగిలించుకుని, చూసినవారి ఫోన్లను ఇబ్బంది పెట్టారు.

పత్రికలు అప్పట్లో ‘తెలుగు అక్షరంతో ఐఫోన్ క్రాష్’ అని రాశాయి. అసలు జరిగింది అంతకన్నా సూక్ష్మం. మామూలుగా జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం అని రాస్తే ఏ ఫోనుకూ ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ఒక సంకేతం, చివర దీర్ఘం అనే వరసలో పడినప్పుడే గొడవ. ఆ కనబడని సంకేతాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. రెండు అక్షరాలు కలిసి వత్తుగా మారకుండా అడ్డుపడటం దాని పని. తెలుగులో టైపు చేసేవాళ్లకు అది రోజూ అవసరమే. అది లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. అయితే దాన్ని పొల్లు తర్వాత పెడతారు తప్ప హల్లుకూ గుణింతానికీ మధ్య పెట్టరు. పెట్టకూడని చోట అది పడేసరికి, అక్షరాలను తెర మీద గీసే కోర్‌టెక్స్ట్ అనే భాగం కూలిపోయింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని వరసలతోనూ ఇలాగే జరిగింది. తెలుగులో ‘జ్ఞా’ ఒక్కటే కాదు, అదే పద్ధతిలో కూర్చిన ఇతర సంయుక్తాక్షరాలదీ అదే దారి.

తప్పు అక్షరానిది కాదు. ఎలాంటి అక్షరాల వరస వచ్చినా, అది అర్థంలేనిదైనా సరే, గీయలేకపోతే ఒక ఖాళీ పెట్టె చూపి ఊరుకోవడం ఫోను ధర్మం. కోట్లమంది రాసే లిపుల మీద తగినన్ని పరీక్షలు జరగకుండానే ఆ సాఫ్ట్‌వేర్ జనం చేతికి వచ్చింది. ఇంగ్లిషు ‘ఐ’కి దెబ్బ తగిలితే కొద్ది రోజుల్లో కనిపెట్టారు, ఎందుకంటే పరీక్షించేవాళ్లూ వాడేవాళ్లూ రోజుకు వందసార్లు ఆ అక్షరం కొడతారు. భారతీయ లిపుల లోపం మాత్రం ఎవరో అనుకోకుండా తొక్కేదాకా లోపలే దాగి ఉంది. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 ఆ లోపాన్ని సరిచేసింది.

ఇదే కాలంలో బ్యాటరీ వ్యవహారం కూడా బయటపడింది. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1, బ్యాటరీ పాతబడిన ఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా ప్రాసెసర్ వేగాన్ని తగ్గించింది. ఉద్దేశం మంచిదే, వేగం తగ్గించామని చెప్పకపోవడమే నేరం. ఫోను నెమ్మదించిందని జనం కొత్త ఫోన్లు కొన్నారు, కొత్త బ్యాటరీ వేస్తే సరిపోయేదని వాళ్లకు తెలియదు. డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది, బ్యాటరీ మార్పిడి ధరను అమెరికాలో 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2020లో ఫ్రాన్స్ ఇదే విషయంలో 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఇంతవరకూ చదివితే పెద్దల వాదమే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ పైన చెప్పిన ప్రతి లోపం ఎలా పోయిందో చూడాలి. ‘ఐ’ గొడవను, డిసెంబరు 2 గొడవను, ‘జ్ఞా’ గొడవను తీర్చినవన్నీ అప్‌డేట్‌లే. బ్యాటరీ పరిస్థితిని మనిషికి చూపించి, వేగం తగ్గింపును ఆపుకునే వీలిచ్చింది కూడా 2018 మార్చిలో వచ్చిన 11.3 అప్‌డేటే. ‘కెలకను’ అని ఫిబ్రవరిలో 11.2.5 దగ్గర ఆగిపోయినవారి ఫోను ఆ రకం ‘జ్ఞా’ వచ్చినప్పుడల్లా కూలుతూనే ఉండేది. ఆ ఏడాది సెప్టెంబరు 17న వచ్చిన ఐఓఎస్ 12 కొత్త హంగులకన్నా పాత ఫోన్ల వేగం మీద దృష్టి పెట్టింది. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కూ అది అందింది. దానికి భద్రతా మరమ్మతులు 2023 జనవరిదాకా వస్తూనే ఉన్నాయి.

మరమ్మతు వచ్చినా వేసుకోకపోతే ఏమవుతుందో మన పోలీసు స్టేషన్లకే తెలుసు. విండోస్‌లోని ఒక రంధ్రాన్ని మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న పూడ్చింది. మే 12న వానాక్రై అనే హానికర సాఫ్ట్‌వేర్ అదే రంధ్రంలోంచి ప్రపంచం మీద పడింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి.

రూపు మార్చే అప్‌డేట్‌ను, భద్రతా మరమ్మతును విడదీసి ఇవ్వాలన్నది ఈ శీర్షిక పాత పట్టు. 2021లో ఆపిల్ ఆ పని చేసింది. ఐఓఎస్ 15కు మారకుండా 14లోనే ఉండి మరమ్మతులు తెచ్చుకోవచ్చంది. కొద్ది నెలలకే ఆ వెసులుబాటును ఎత్తేసి, అది తాత్కాలికమేనని చెప్పింది. రెండు దారులను ఒకేసారి బాగుచేస్తూ పోవడం ఏ కంపెనీకైనా భారమేనని ఒప్పుకోవాలి. కాబట్టి పెద్ద అంకె మారినప్పుడు మూడు నాలుగు వారాలు ఆగి, ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీసుకుని వేసుకోవాలి. చుక్క తర్వాత చిన్న అంకె మారినప్పుడు ఆగకుండా అదే రోజు వేసుకోవాలి.

ఈ తంటా అంతా అప్‌డేట్ వచ్చేవాళ్లది. మన ఊళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లు, వాటి కష్టం వేరు. 2015లో ఆండ్రాయిడ్‌లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక్క ఎంఎంఎస్‌తో ఫోనును లొంగదీసుకోవచ్చని అప్పుడే తేలింది. దాని తర్వాతే గూగుల్ నెలనెలా భద్రతా మరమ్మతులు ప్రకటించడం మొదలుపెట్టింది. గూగుల్ ఇచ్చినంతమాత్రాన అది మన ఫోనుకు రాదు. చిప్ తయారీదారు దాన్ని తన చిప్‌కు సరిపడా మలచాలి, ఫోను కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌లో కలిపి పరీక్షించాలి. అమ్ముడైపోయిన చవక ఫోను మీద అంత శ్రమ పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ట్రెబుల్, 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చిన మెయిన్‌లైన్ ఏర్పాట్లు ఈ గొలుసును కొంత కుదించాయి. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 లాంటి ఖరీదైన ఫోన్లకు ఏడేళ్ల హామీ దొరికింది. చవక ఫోన్లు చాలావాటికి రెండు మూడేళ్లలోనే అప్‌డేట్లన్నీ ఆగిపోతాయి.

ఫోను మాత్రం ఆగదు, అదే ప్రమాదం. అదే ఫోనులో పింఛను మెసేజ్, బ్యాంకు ఓటీపీ, యూపీఐ పిన్ నడుస్తూనే ఉంటాయి. కొత్త ఫోను కొనుక్కున్నాక పాతదాన్ని ఊళ్లో ఉన్న అమ్మకో నాన్నకో ఇచ్చే ఇళ్లు లెక్కలేనన్ని. మోసగాళ్ల గురించి అందరికన్నా తక్కువ తెలిసినవారి చేతికి అందరికన్నా బలహీనమైన ఫోను చేరుతోంది. అప్‌డేట్ మీద పెట్టుకున్న కోపమంతా పెట్టాల్సింది ఇక్కడ.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఒక మోడల్‌ను మార్కెట్లోకి పంపడం ఆపేసిన రోజు నుంచి కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలి. అలాంటి నిబంధన మన దేశంలోనూ రావాలి, పదివేల రూపాయల ఫోనుకూ వర్తించాలి. ఈలోగా పాఠకులు ఒక పని చేయాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోను తీసుకుని సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి, సెక్యూరిటీ అప్‌డేట్ పక్కనున్న తేదీ చూడండి. కొన్ని ఫోన్లలో అది ‘సెక్యూరిటీ అండ్ ప్రైవసీ’ కింద ఉంటుంది. ఆ తేదీ ఏడాది దాటిపోయి ఉంటే ఆ ఫోనులోంచి బ్యాంకు, యూపీఐ యాప్‌లు తీసేయండి. కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు, భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరందాకా వస్తాయని షాపులో అడగండి.