నెట్‌వర్కు కార్డుల అననుకూలత: ఒక విమర్శ

యూనిక్సు కుటుంబమునకు చెందిన వ్యవస్థను కంప్యూటరున నెలకొల్పినపుడు నెట్‌వర్కు కార్డు పనిచేయకున్నచో, ‘ఇది దీనికి సరిపడదు’ అని తీర్పు చెప్పి ఊరకుండుట లోకాచారమైనది. కె.ఆర్.పురమున అద్దెగదులలో నుండి చదువుకొనుచు, ఉద్యోగములు వెదకుకొనుచు నున్న తెలుగు యువకులకు ఇది వట్టి మాట కాదు. ఎస్.పి.రోడ్డున బేరమాడి తెచ్చుకొన్న పాత యంత్రములో లినక్సునో ఫ్రీబీఎస్‌డీనో పెట్టుకొన్నవానికి ఆ తీర్పు వలన ఇంకొక కార్డు వెల మీదపడును. లేదా ఆ వ్యవస్థనే విడిచిపెట్టవలసి వచ్చును. కావున ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారింపవలసి యున్నది.

మొదట పేరును గూర్చి. డబ్బామీద నుండునది సరకు పేరే గాని లోపలి చిప్పు పేరు కాదు. టీపీ-లింకు వారి టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అను వైర్‌లెస్ అడాప్టరు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. దాని మొదటి కూర్పులో నున్నది అథెరాస్ ఏఆర్9271; రెండవ, మూడవ కూర్పులలో నున్నది రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్. మొదటిదానిని లినక్సులో ఏటీహెచ్9కే_హెచ్‌టీసీ అను డ్రైవరు నడుపును. తక్కినవానిని అది ముట్టదు. ‘నాకు పనిచేసినది’ అని ఒకరును, ‘నాకు చేయలేదు’ అని మరియొకరును వాదించుకొన్నచో ఇరువురును సత్యవాదులే. పాఠభేదము నెరుగక ఒకే గ్రంథమని తగవులాడు పండితులు మనకు క్రొత్తవారు కారు గదా!

యంత్రమునకు డబ్బామీది పేరుతో పనిలేదు. పీసీఐ కార్డు తన్ను రెండు సంఖ్యలతో చెప్పుకొనును: ఒకటి తయారుచేసినవారిది, రెండవది ఆ చిప్పుది. రియల్‌టెక్ సంఖ్య 10ఈసీ. ఇంటెల్ సంఖ్య 8086. తన ప్రసిద్ధమైన ప్రాసెసరు పేరునే ఆ సంస్థ ఇంటిపేరుగా చేసికొన్నది. లినక్సున ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే’ అను ఆజ్ఞ ఈ సంఖ్యలను, పట్టుకొన్న డ్రైవరును గూడ చూపును. ఫ్రీబీఎస్‌డీలో ‘పీసీఐకాన్ఫ్ -ఎల్‌వీ’ అన్నచో, డ్రైవరు కుదిరిన కార్డు ముందు ‘ఆర్ఈ0’ వంటి పేరును, కుదరనిదాని ముందు ‘నన్0’ అను మాటయు నుండును. అననుకూలత యను పదమును న్యాయముగా వాడదగినది ఈ ‘నన్’ కనబడినపుడే. అపుడైనను ఆ డ్రైవరు ఉండియు కెర్నెల్‌లోనికి ఎక్కలేదేమో చూడవలెను.

డ్రైవరు కుదిరినంతమాత్రమున విచారము ముగియదు. పెక్కు వైర్‌లెస్ చిప్పులు ఫర్మ్‌వేరు ఎక్కించినగాని పలుకవు. డెబియన్ వారు 2023 జూనున వెలువరించిన 12వ కూర్పునకు ముందు, స్వేచ్ఛాలైసెన్సు లేని ఫర్మ్‌వేరును తమ అధికారిక స్థాపన ప్రతులలో చేర్చలేదు. అది వారి సిద్ధాంతము. కార్డు దోషము గాదు. దొరకని ఫైలు పేరును ‘డీమెసేజి’ ఆజ్ఞ సాధారణముగా స్పష్టముగనే చెప్పును, చదువువారే అరుదు. ఫ్రీబీఎస్‌డీ 11వ కూర్పు మొదలుకొని మరియొక చిక్కు కలదు. వైర్‌లెస్ కార్డునకు డ్రైవరు కుదిరినను, ‘డబ్ల్యూలాన్0’ను సృష్టించువరకు ‘ఇఫ్‌కాన్ఫిగ్’ పట్టికలో ఏమియు కానరాదు. ఉన్న కార్డును లేదని పారవైచుట కిది చాలును. ‘సిస్‌సీటీఎల్ నెట్.డబ్ల్యూలాన్.డివైసెస్’ అని యడిగినచో ఆ పేరు బయటపడును.

ఈ విషయమున మార్గదర్శక వాఙ్మయము రెండు తెఱగులు. ‘మరల స్థాపింపుడు, వేరు కార్డు కొనుడు’ అనునది మొదటిది. అది కారణమును చూపదు, గావున విమర్శకు నిలువదు. రెండవది యూనిక్సు మాన్యువల్ పుటలు. 1998లో ఫ్రీబీఎస్‌డీ 3.0తో వచ్చిన ఆర్ఎల్ డ్రైవరు పుటను చూడుడు. రియల్‌టెక్ 8139 చిప్పు, పంపవలసిన దత్తాంశము నిర్ణీతమైన హద్దున మొదలు కావలెనని నిర్బంధించును. అట్లు లేనిదానిని డ్రైవరు వేరొకచోటికి నకలు చేయవలసి వచ్చును. రచయిత బిల్ పాల్ ఈ లోపమును దాచక దోషముల శీర్షిక క్రింద చెప్పెను. కార్డు సరిపడుటయు, కార్డు మంచిదగుటయు వేర్వేరని ఇంత సూటిగా తెలుపు రచన అరుదు.

ఇట్టి పుటలు తెలుగున వ్రాయవలెను. అయితే సందేశములను గూడ తెలుగు చేయవలెనను వాదముతో మేమేకీభవింపము. కె.ఆర్.పురము ప్రక్కనే, 1948లో స్థాపితమైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ కర్మాగారమున్న చోటికి దూరవాణినగరమని పేరు. టెలిఫోనును దూరవాణి యన్నంతమాత్రమున తీగ తెగదు. కాని ‘నో కారియర్’ అను సందేశమును అనువదించి మూలమును తొలగించినచో, దానినిబట్టి పరిష్కారము వెదకుకొనువాని ఆధారము తెగును. సందేశము నట్లే యుంచి క్రింద వివరణ మీయవలెను. ఆ వివరణము మాత్రము తప్పదు, ఏలయన కారియరన్నచో తెలుగువానికి తోచునది అన్నము తీసికొనిపోవు గిన్నెల వరుస. ఇక్కడ దాని యర్థము తీగమీది వాహకసంకేతము. చిప్పు గుర్తింపబడినది, డ్రైవరు కుదిరినది, ఇక చూడవలసినది కేబులును, దాని యావలికొననున్న స్విచ్చునే.