కెనాల్ వేరు, డ్రెయిన్ వేరు

ధవళేశ్వరంలో గోదావరికి అడ్డంగా ఉన్నదాన్ని జనం ఆనకట్ట అనేస్తారు. ఇంగ్లీషులో రాయాల్సి వస్తే డ్యామ్, వియర్, బ్యారేజ్ అని మూడు మాటలు ఎదురొస్తాయి. మూడింటికీ ఆనకట్ట అనే అర్థం చెప్పి ఊరుకుంటే తేడా తెలియదు. ఆ కట్టడం నీటిని ఏం చేస్తుందో చూడాలి. నిల్వ చేసేది డ్యామ్. మట్టం కాస్త పెంచి, మిగిలిన నీటిని తన మీదుగానే పొర్లనిచ్చేది వియర్. గేట్లు ఎత్తి దించి మట్టాన్ని అదుపులో పెట్టేది బ్యారేజ్. 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించింది వియర్ జాతిది. ఆనాటి ఇంజనీర్లు దక్షిణాది మాటనే తీసుకుని దాన్ని ‘అనికట్’ అన్నారు. దాని స్థానంలో తర్వాత వచ్చిన 175 గేట్ల కట్టడమే బ్యారేజ్. కాటన్ బ్యారేజీ కట్టాడనడం తప్పు. బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు, అంతే.

కోనసీమ రైతుకు ఇంతకంటే అక్కరకొచ్చే తేడా కెనాల్, డ్రెయిన్‌లది. తెలుగులో రెండూ కాలువలే. చేలోకి నీరు తెచ్చేది కెనాల్, చేలో నీటిని బయటికి లాగేది డ్రెయిన్. అమలాపురం కౌశిక రెండో రకం. వానలకు వరి మునిగితే పూడిక తీయాల్సింది డ్రెయిన్‌లో. అర్జీలో కెనాల్ అని పడితే అడిగింది వేరే పని అవుతుంది. ఛానల్ అన్న మాట రెండింటికీ చెల్లుతుంది కాబట్టి ఇలాంటి చోట దాని జోలికి పోకపోవడమే మేలు.

లాకులన్న మాటను గోదావరి జిల్లాల్లో కాస్త ఉదారంగా వాడతారు. కాలువ మీద తలుపులు కనిపిస్తే చాలు, లాకులే. ఇంగ్లీషులో లాక్ అంటే పడవ కోసం కట్టింది: రెండు జతల తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిని నింపో వదిలో పై మట్టానికి ఎక్కిస్తారు, కింది మట్టానికి దించుతారు. నీటిని మాత్రమే వదిలే తూము స్లూయిస్. పి.గన్నవరంలో కాలువను గోదావరి పాయ వైనతేయ మీదుగా దాటించేది అక్విడక్ట్. దాన్ని ఉత్త బ్రిడ్జి అంటే అసలు పని మరుగున పడుతుంది.

ఫ్లడ్ అంటే గోదావరి వరద ఒక్కటే కాదు, ఉప్పెన ముంపూ అందులోకే వస్తుంది. కానీ 1996 నవంబరు 6 లాంటి తుఫానుకు సముద్రం పైకి పొంగి రావడాన్ని చెప్పాలంటే స్టార్మ్ సర్జ్ అనాలి. ఏటి ఒడ్డు బ్యాంక్, సముద్రపు ఒడ్డు షోర్. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ పాయ వైపున్నది బ్యాంక్, సముద్రం వైపున్నది షోర్.