గొంతు తగ్గించిన పెగ్గీ లీ

1940ల మొదట్లో కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో ఓ క్లబ్బు. తాగుతూ, కేకలేసుకుంటూ జనం. పాడే అమ్మాయి వాళ్లతో పోటీకి పోకుండా గొంతు ఇంకా తగ్గించింది. ఏం పాడుతోందోనని ఒక్కో బల్లా సద్దుమణిగింది. పెగ్గీ లీ తరచూ చెప్పుకున్న ముచ్చట ఇది.

నాకు పాట నేర్పినవాళ్లంతా ‘గొంతు విప్పి పాడు’ అన్నవాళ్లే. విప్పడం తేలిక. మెల్లగా పాడుతూ శ్రుతి జారకుండా, చివరి అక్షరం గాల్లో కలిసిపోకుండా నిలపడానికి ఎంత ఊపిరి కావాలో ఆవిడతో పాటు కూనిరాగం తీసి చూస్తే తెలుస్తుంది. మైకు ఉందిగా అంటారు. మైకు చాడీకోరు, ఊపిరి తడబడినా ఊరంతా చెప్పేస్తుంది.

ఆవిడ 1920లో నార్త్ డకోటాలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టింది. అసలు పేరు నార్మా డెలోరిస్ ఎగ్‌స్ట్రామ్. నాలుగేళ్లకే తల్లి పోయింది, సవతి తల్లి కొట్టేది. ఫార్గో రేడియోలో పాడేటప్పుడు పెగ్గీ లీ అయింది. 1941లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో చేరింది.

నాకు మటుకు ఆవిడంటే 1958 నాటి ‘ఫీవర్’. అంతకు రెండేళ్ల ముందు లిటిల్ విల్లీ జాన్ పాడిందే. ఆవిడ వాయిద్యాలన్నీ ఊడబెరికి బేస్, డ్రమ్స్, చిటికెలు మాత్రం ఉంచుకుంది. ఇంత ఖాళీలో పాడే ధైర్యం ఎందరికుంటుంది? రోమియో జూలియట్ల మీద కొత్త చరణమూ రాసి కలిపింది. రచయితల పేర్లలో మాత్రం ఆవిడ పేరు లేదు.

డిస్నీ దగ్గర అలా పోనివ్వలేదు. ‘లేడీ అండ్ ది ట్రాంప్’ (1955)కు సానీ బర్క్‌తో కలిసి పాటలు రాసింది, కొన్ని పాత్రలకు గొంతూ ఇచ్చింది. అందులో సయామీ పిల్లులు రెండూ ఆవిడే! ప్రజలకు అమ్మే రికార్డింగులు తన అనుమతి లేకుండా చేయరాదని ఒప్పందంలో ఓ షరతుంది. అప్పటికి ఇళ్లలో వీడియో క్యాసెట్టన్నదే లేదు. సినిమా క్యాసెట్లుగా వచ్చి లక్షల్లో అమ్ముడయ్యాక, 1988లో ఆ షరతు పట్టుకునే కోర్టుకెక్కింది. 1991లో గెలిచింది. తీర్పుతో దక్కింది 23 లక్షల డాలర్లు. ఆ సినిమాలో గొంతు ఇచ్చినందుకు అప్పట్లో ముట్టింది 3,500.