‘తగ్గింది’ – ఏమి తగ్గింది?: ప్లాసిబో, హస్తవాసి, పసుపు నమ్మకాలపై విమర్శ

వ్యాససంగ్రహం:
రోగి నోట వెలువడే ‘తగ్గింది’ అనే క్రియ బాధ తగ్గడాన్నీ, జబ్బు తగ్గడాన్నీ ఒకే మాటలో చెబుతుంది. ప్లాసిబో పరిశోధనలు ఈ రెండింటినీ వేరుచేసి చూపాయి. ఆర్మూరు ప్రాంతపు పసుపు, హైదరాబాదు చేప ప్రసాదం ఆధారంగా ఈ తేడాను తెలుగు వైద్యవ్యవహారంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్లాసిబో, హస్తవాసి, ఊరట, పసుపు, ఆర్మూరు, చేప ప్రసాదం.

1. ఉపోద్ఘాతం:
లాటిన్‌లో ‘ప్లాసిబో’ అంటే ‘సంతోషపెడతాను’ అని అర్థం. ఔషధగుణం లేని చక్కెర బిళ్లనో, ఉప్పునీటి సూదినో మందు రూపంలో ఇచ్చినప్పుడు దానిని ప్లాసిబో అంటారు. కొత్త మందును పరీక్షించేటప్పుడు ఒక వర్గానికి మందు, మరొక వర్గానికి ప్లాసిబో ఇస్తారు. ఎవరికి ఏది అందిందో రోగికీ, వైద్యునికీ తెలియనివ్వరు. రెండు వర్గాల ఫలితాల మధ్య కనిపించే తేడాను బట్టి మందు గుణాన్ని నిర్ణయిస్తారు.

ఈ మాటను తెలుగులో ‘ఉత్తుత్తి మందు’, ‘బూటకపు మందు’ అని చెప్పడం సులువు. అయితే అలా చెప్పినప్పుడు ఊరట పొందిన రోగి కేవలం మోసపోయినవాడిగా మిగులుతాడు. అతని ఊరట మాత్రం బూటకం కాదు. 1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ పన్ను తీయించుకున్న రోగులపై చేసిన పరిశోధనలో, ప్లాసిబోతో ఉపశమనం పొందినవారికి నాలోక్సోన్ ఇవ్వగా నొప్పి పెరిగింది. నాలోక్సోన్ శరీరంలోని సహజ నొప్పినివారకాల పనిని అడ్డుకుంటుంది. అంటే నమ్మకం వల్ల కలిగిన ఉపశమనానికి శరీరంలోనే ఆధారం ఉందన్నమాట.

2. హస్తవాసి – మందు నుంచి మనిషికి:
తెలుగువారికి ఈ అనుభవం కొత్తది కాదు. ‘ఆ డాక్టరు హస్తవాసి మంచిది’ అనే వాక్యం గుణాన్ని మందులో కాక, ఇచ్చే చేతిలో నిలుపుతుంది. ‘రాశి’కి ఎదురుగా నిలిచే ‘వాసి’ ఇక్కడ చేతికి విశేషణంగా కాక, సంపదగా అమరింది. ఒకే బిళ్ల ఒకరి చేతి నుంచి పనిచేస్తుందనీ, మరొకరి చేతి నుంచి పనిచేయదనీ చెప్పగల భాష ప్లాసిబో భావనకు చాలా దగ్గరగా వచ్చింది.

‘సూది వేయించుకుంటేనే తగ్గుతుంది’ అనే పల్లె నమ్మకమూ ఇటువంటిదే. పార్శ్వనొప్పి మందుల పరీక్షలను సమీక్షించిన 2000 నాటి పరిశోధనలో ప్లాసిబో బిళ్లతో సుమారు 26 శాతం మందికి, ప్లాసిబో సూదితో సుమారు 32 శాతం మందికి ఉపశమనం కనిపించింది. చికిత్సలోని తంతుకు కూడా కొంత బలం ఉందని దీనివల్ల తెలుస్తుంది.

అయితే ‘మందు వేసుకుంటే వారం, వేసుకోకుంటే ఏడు రోజులు’ అని జలుబు గురించి చెప్పే చమత్కారం మరో హెచ్చరిక చేస్తుంది. దానంతట అదే తగ్గే జబ్బును హస్తవాసి ఖాతాలో వేయరాదు. హ్రోబ్యార్ట్‌సన్, గోట్షె 2001లో 114 పరీక్షలను సమీక్షించి, ప్లాసిబో తీసుకున్నవారిని ఏ చికిత్సా లేనివారితో పోల్చారు. నొప్పి వంటి, రోగి స్వయంగా చెప్పే ఫలితాల్లో తప్ప ప్లాసిబోకు చెప్పుకోదగిన ప్రభావం కనిపించలేదు.

3. పసుపు – పేటెంటు, ప్రమాణం:
ఇచ్చే చేతిపై ఉన్నంత నమ్మకమూ ఇంటి పసుపుపై ఉంది. దుగ్గిరాల, మైదుకూరు రకాల సరసన ‘ఆర్మూరు’ పేరుతోనే ఒక పసుపు రకం ఉంది. గాయానికి పసుపు అద్దడం, జలుబుకు పసుపు పాలు తాగడం ఆ నేల మీద ప్రత్యేకంగా నేర్పనవసరం లేని వైద్యం.

పసుపు మహిమను చెప్పే వ్యాసాలు తరచుగా పేటెంటు విజయాన్ని ఉదాహరిస్తాయి. 1995లో గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై అమెరికాలో పేటెంటు మంజూరైంది. భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పూర్వరచనలను ఆధారంగా చూపి సవాలు చేయగా 1997లో అది రద్దయింది. ఆ తీర్పు తేల్చింది ‘ఇది కొత్త విషయం కాదు’ అని మాత్రమే. ‘ఇది పనిచేస్తుంది’ అని కాదు. ప్రాచీనతకు దొరికిన గుర్తింపును ప్రభావానికి ప్రమాణంగా చదవడం విమర్శకు నిలవదు.

పసుపులోని కర్క్యుమిన్‌పై జరిగిన పరిశోధనలను 2017లో ఒక రసాయనశాస్త్ర పత్రిక సమీక్షించింది. 120కి పైగా వైద్య పరీక్షలు జరిగినా, ప్లాసిబోతో పోల్చి ఇరుపక్షాలకూ తెలియనివ్వకుండా చేసిన ఏ పరీక్షా విజయవంతం కాలేదని ఆ సమీక్ష పేర్కొంది. ఇది కర్క్యుమిన్‌కు సంబంధించిన నిర్ణయమే తప్ప వంటింటి పసుపు వాడకాలన్నింటిపై తీర్పు కాదు. అయినా రంగు, వాసన, అమ్మ చేయి కలిసిన పసుపు పాలలో ఊరట ఎక్కడిదో చెప్పాలంటే ఒక్క కర్క్యుమిన్ చాలదు.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది. పసుపు రైతు కోరేది గిట్టుబాటు ధర. వంట, రంగు, శుభకార్యాల్లో పసుపుకు ఉన్న విలువ నిరూపితమైనదే. ఆ ధరను రుజువు కాని రోగనివారణ ప్రచారంపై నిలబెట్టడం రైతుకూ క్షేమం కాదు.

4. మందు నుంచి ప్రసాదానికి:
పసుపు పాలు జలుబుకు ఊరటనిస్తే వచ్చే నష్టం లేదు. ప్రాణాపాయం ఉన్న జబ్బులో పరిస్థితి వేరు. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఉబ్బసానికి పంచే ‘చేప మందు’ వివాదాల తరువాత ‘చేప ప్రసాదం’ అయింది. ‘మందు’ పరీక్షకు జవాబుదారీ, ‘ప్రసాదం’ భక్తికి జవాబుదారీ. పేరు మారినా వరుసలో నిలిచిన రోగి ఆశ మారలేదు.

ఉబ్బసంపై 2011లో వెలువడిన ఒక పరిశోధన ఇక్కడ కీలకం. 39 మంది రోగుల్లో ఒక సెకనులో బలంగా వదిలే గాలి పరిమాణాన్ని కొలవగా, ఆల్బ్యుటరాల్ ఇన్‌హేలరుతో 20 శాతం మెరుగుదల కనిపించింది. ప్లాసిబో ఇన్‌హేలరుతోనూ, ఏ చికిత్సా లేకుండానూ అది సుమారు 7 శాతమే. ‘ఎంత తగ్గింది?’ అని రోగులనే అడిగినప్పుడు మాత్రం అసలు ఇన్‌హేలరుకు 50, ప్లాసిబోకు 45 శాతం మెరుగుదల చెప్పారు. చికిత్స లేనప్పుడు చెప్పినది 21 శాతం. ప్లాసిబోతో రోగికి ‘తగ్గింది’, ఊపిరితిత్తులకు తగ్గలేదు. ఆ మాట నమ్మి ఇన్‌హేలరు మానితే తరువాతి ఆయాసం ప్రాణం మీదికి రావచ్చు.

5. ముగింపు:
‘ఊరట’, ‘నయం’ అనే రెండు మాటలు తెలుగులో ముందే ఉన్నాయి. ‘తగ్గింది’ వాటిని కలిపేస్తుంది. ప్లాసిబో ఇచ్చేది ఊరట. దానిని బూటకమనడం రోగికి అన్యాయం, నయమనడం ప్రమాదం. ఊరటకు అబద్ధం తప్పనిసరి అని కూడా చెప్పలేం. 2010లో పేగు సంబంధ వ్యాధి ఉన్న 80 మందిపై జరిగిన పరిశోధనలో ‘ఇందులో మందు లేదు’ అని చెప్పే బిళ్లలిచ్చారు. మూడు వారాల్లో ఆ వర్గంలో 59 శాతం, బిళ్లలు తీసుకోనివారిలో 35 శాతం తగిన ఉపశమనం పొందినట్లు చెప్పారు. కనుక హస్తవాసిని వైద్యుని శ్రద్ధగా, మాటగా, సమయంగా గుర్తించి నిజాయితీగా వాడుకోవచ్చు. వైద్యసాహిత్యం, జానపద వైద్య పరిశోధన సేకరించే ప్రతి ‘తగ్గింది’ పక్కన ‘ఏమి తగ్గింది?’ అనే ప్రశ్నను నమోదు చేయడం అవసరం.