గది దాటిన వైద్యం, గణనకు అందని పని: గోదావరిఖని నేపథ్యంలో ఒక పరిశీలన

వైద్యుని సేవను అంచనా వేయవలసి వచ్చినప్పుడు ఓపీ సంఖ్య, పడకలు, శస్త్రచికిత్సలు మొదటగా లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ ఆసుపత్రి లోపలివి. అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఫ్యామిలీ మెడిసిన్ తన ప్రశ్నావళిలో గృహ సందర్శన, వృద్ధాశ్రమ సేవ, ప్రసవం వంటి వాటిని కూడా అడుగుతుంది. వైద్యుడు ఏవి చేస్తున్నాడో, ఏవి మానుకున్నాడో దీనివల్ల తెలుస్తుంది. ఆ మేరకు ఇది ఉపయోగకరమైన పద్ధతే. సింగరేణి ప్రాంతానికి దీన్ని యథాతథంగా అన్వయిస్తే మాత్రం అసలు విషయమే జారిపోతుంది.

గోదావరిఖనిలో కంపెనీ వైద్యుని ఎదుటకు వచ్చే కార్మికుడు అన్నివేళలా రోగి కాడు. 1955 నాటి గనుల నియమాలు ఉద్యోగంలో చేరేటప్పుడు ఒకసారి, ఆ తరువాత ఐదేళ్లకు మించని వ్యవధిలో ఆరోగ్య పరీక్షను తప్పనిసరి చేశాయి. ఛాతీ ఎక్స్‌రే తీసేది చికిత్స కోసం కాదు, గనిలోకి దిగేందుకు అర్హత తేల్చడానికి. ఇక కొత్తగూడెంలో మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' అని తేల్చితే వారసునికి కారుణ్య నియామకం దక్కే అవకాశం ఉంది. అంటే ఒక సంతకం మీద ఒక కుటుంబపు జీవనం నిలుస్తుంది. జబ్బు లేదన్న మాట శుభవార్తో కాదో చెప్పలేని స్థితి ఇది! ఇటువంటి పనిని గృహ సందర్శనతో సమానంగా ఒక అంకెగా కూడడం పద్ధతిపరమైన పొరపాటు. వైద్యుడు ఎవరి తరఫున పరీక్షిస్తున్నాడన్న ప్రశ్న ఆ అంకెలో కనిపించదు.

ఓపెన్‌కాస్టులో మట్టి తొలగించే కాంట్రాక్టు కార్మికుడూ అదే దుమ్ము పీలుస్తాడు. చట్టం దృష్టిలో అతనూ గనిలో పనిచేసే వ్యక్తే, పరీక్ష అతనికీ వర్తిస్తుంది. కారుణ్య నియామకం మాత్రం పర్మినెంటు ఉద్యోగి కుటుంబానికే. పరీక్షల సంఖ్యను మాత్రమే చూసే పరిశోధకునికి ఈ ఇద్దరూ ఒకటే.

1985లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 161వ ఒడంబడిక వృత్తి ఆరోగ్య సేవల్లో పని ప్రదేశ పరిశీలన, పని నిర్వహణపై సలహా, ప్రమాదాల విశ్లేషణలో భాగస్వామ్యం వంటి వాటిని చేర్చింది. వైద్యుడు గది దాటడమంటే ఇదీ. కాబట్టి డ్రిల్లు నడిపే కార్మికుని వినికిడి పరీక్షించారా అన్నది సగం ప్రశ్న మాత్రమే. వినికిడి తగ్గిందన్న ఫలితం అతని ఫైలులోనే ఉండిపోయిందా, గని మేనేజరు దాకా వెళ్లిందా, ఆ డ్రిల్లు దగ్గర శబ్దాన్ని మళ్లీ కొలిచారా అన్నవి కూడా కొలమానంలో చేరాలి. ఇందుకు ఆసుపత్రి రిజిస్టరును గని రికార్డుతో కలిపి చదవవలసి ఉంటుంది.