డయాలసిస్ మంచం పక్కన

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోట ఉన్న రైతుకి డయాలసిస్ మొదలైతే, వినాల్సిన జాగ్రత్తల్లో ఒకటి కొబ్బరినీళ్లు తాగొద్దని. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుంటే గుండెకే ముప్పు. చిన్నప్పటి నుంచీ బోండాం దింపుకుని తాగినవాడికి ఈ మాట చెవికెక్కుతుంది కానీ మనసుకెక్కదు. ఆసుపత్రిలో సైకాలజిస్టు పని అక్కడ మొదలవుతుంది.

జబ్బును ఒంట్లోనే వెతికితే చాలదని, రోగి మనసునీ అతని ఇంటినీ ఊరినీ కలిపి చూడాలని 1977లో అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ ‘సైన్స్’ పత్రికలో వాదించాడు. ఈ పనికి బలమిచ్చిన ఆలోచన అది. సైకాలజిస్టు మందులు రాయరు. ఆమె చేతిలో ఉన్నవి మాట, ప్రశ్న, ఓపిక.

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు మంచం మీదే. మాట్లాడ్డానికి దొరికే సమయం కూడా అదే. పక్క మంచం పక్కనే ఉంటుంది కాబట్టి గొంతు తగ్గించాలి. ఇంటి గుట్లు అక్కడ అడగకూడదు, వాటికి వేరే గది ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద బాధ దాహం. రెండు డయాలసిస్‌ల మధ్య తాగినదాంట్లో చాలావరకు ఒంట్లోనే నిలిచి బరువు పెరుగుతుంది, ఆయాసం వస్తుంది. డాక్టరు కోప్పడతారు, భార్య గ్లాసు దాచేస్తుంది. సైకాలజిస్టు మాత్రం అడుగుతుంది:

“నీళ్లు తగ్గించుకోవడం మీకెంత ముఖ్యమనిపిస్తోందండీ? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి.”

“అయిదమ్మా.”

“మరి రెండు అనలేదేం?”

పనితనమంతా ఈ చివరి ప్రశ్నలో ఉంది. పదెందుకు కాలేదని అడిగితే సాకులే వస్తాయి. రెండెందుకు కాదంటే తన కారణాలు తనే వెతుక్కుంటాడు. “రాత్రిళ్లు ఆయాసంతో కూర్చునే ఉంటున్నానమ్మా. పిల్ల పెళ్లి దాకానైనా బాగుండాలి.” మద్యం మానలేక సతమతమయ్యేవాళ్ల కోసం సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో రాసిన పద్ధతి ఇది. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని పెంచాడు. ఒకరు చెప్పినదానికన్నా తన నోటితో అనుకున్నదాన్నే మనిషి నిలబెట్టుకుంటాడు. ఆ తర్వాతే ఆచరణ: దాహం పెంచేది ఉప్పు కనుక ఆవకాయ, ఎండుచేప తగ్గించడం, రోజు నీళ్లన్నీ ఒకే సీసాలో కొలిచి పెట్టుకోవడం.

దిగులును పట్టుకోవడం ఇంకా కష్టం. నిద్ర లేకపోవడం, ఆకలి చచ్చిపోవడం, నీరసం డిప్రెషన్‌లోనూ ఉంటాయి, కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి. అందుకే సైకాలజిస్టు మిగతా జాడలు వెతుకుతుంది. మనవడొచ్చినా ముఖం వికసించడం లేదా? ఇంటికి భారమైపోయానంటున్నాడా? చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగుతుంది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే, ఆ రోజే మానసిక వైద్యుడికి చూపిస్తుంది.

తోట వైపు వెళ్లడం మానేసినవాడికి ఉత్సాహం వచ్చాక వెళ్లమనరు. డయాలసిస్ లేని రోజు పొద్దున్నే ఒక్క చుట్టు తిరిగి రమ్మంటారు. వెళ్లగా వెళ్లగా ఉత్సాహం వస్తుంది. ఒంట్లో బాగుందని ఆ రోజే పనంతా మీదేసుకుని మర్నాడు లేవలేకపోవడం కూడా మామూలే. అందుకని అలసట రాకముందే ఆగడం నేర్పుతారు.

“షుగర్ లేదు, బీపీ లేదు, మందు ముట్టను. నాకెందుకొచ్చిందమ్మా?” ఉద్దానంలో ఈ ప్రశ్నకి జవాబు లేదు. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం పూర్తిగా తేలలేదు. కర్మ అనో, అన్నీ సర్దుకుంటాయనో అనేయడం ఎవరికైనా తేలిక. నా దృష్టిలో ఆ రెండూ అపకారమే. కారణం తెలియదని నిజం చెప్పి, ఆ కోపాన్నీ ఏడుపునీ పూర్తిగా విని, లేచిపోకుండా కూర్చోవడమే అసలైన వైద్యం.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. భవనాలు, మిషన్లు రావాల్సిందే. కానీ సైకాలజిస్టు గుర్తొచ్చేది తరచుగా రోగి డయాలసిస్‌కి రావడం మానేశాకే. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ చేశాక, అది సూదికి సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. సైకాలజిస్టుతో పరిచయం ఆ వారాల్లోనే జరగాలి, ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి.